సర్కారు బడి కబుర్లు మన ఇంటిదాకా ఎలా వస్తాయి?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బాబును ప్రైవేటు స్కూలు మాన్పించి, ఈ జూన్‌లో అంబర్‌పేట వైపు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతిలో చేర్పించారు. పాత స్కూల్లో అన్నీ యాప్‌లో వచ్చేవి. ఇక్కడ మొన్న పేరెంట్స్ మీటింగ్ అయిపోయిన సంగతి పక్కింటావిడ చెబితే గానీ తెలియలేదు. మీరూ మీ ఆయనా పొద్దున్నే పనికి వెళ్లిపోతారు. "బడిలో ఏం జరుగుతోందో, ముందు ఏం ఉందో మాకు ఎవరు చెప్తారు? తప్పు చేశామా అని టెన్షన్‌గా ఉంది" అని రాశారు.

నేను హైదరాబాద్ జిల్లాలోనే 29 ఏళ్లు పనిచేశాను. మొదట ఎస్‌జీటీగా (చిన్న తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరుగా), చివరి 11 ఏళ్లు ప్రాథమిక పాఠశాల హెచ్‌ఎంగా, అంటే ప్రధానోపాధ్యాయురాలిగా. మీలాంటి తల్లులు మా ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడి ఇదే మాట అడిగేవారు. మీరు తప్పేమీ చేయలేదు. సర్కారు బడి కబురు మనుషుల ద్వారా నడుస్తుంది. ఏ మనిషిని, ఏ రోజున అడగాలో తెలుసుకుంటే ఏడాదంతా సాఫీగా వెళ్లిపోతుంది. అది చెప్పడానికే ఇంత పొడుగు సమాధానం రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక సంగతి తెలిస్తే టీచర్ల మీద కోపం కొంత తగ్గుతుంది. మీకు కబురు ఆలస్యంగా వచ్చిందంటే చాలాసార్లు టీచరుకే ఆలస్యంగా వచ్చి ఉంటుంది. పాఠశాల విద్యాశాఖ డైరెక్టర్ ఆఫీసులో ఉత్తర్వు తయారవుతుంది. అది జిల్లా విద్యాధికారి డీఈఓకు, అక్కడి నుంచి బళ్లను తనిఖీ చేసే డిప్యూటీ ఐఓఎస్‌కు వస్తుంది (వేరే జిల్లాల్లో మండల విద్యాధికారి ఎంఈఓ చేసే పని మన హైదరాబాద్‌లో వీరు చేస్తారు). తర్వాత కాంప్లెక్స్ హెచ్‌ఎం (చుట్టుపక్కల బళ్లకు పెద్దగా ఉండే హైస్కూలు హెచ్‌ఎం), ఆ తర్వాత మా ప్రాథమిక హెచ్‌ఎంల వాట్సాప్ గ్రూపు. నేను అన్నం ముందు కూర్చునే వేళకి, రాత్రి 9 గంటలకు ఫోను మోగేది. "రేపు ఉదయం ప్రార్థనలో ప్రతిజ్ఞ చేయించి ఫొటోలు పంపాలి" అని ఉండేది. ఆ వేళ 120 మంది తల్లిదండ్రులకు ఎలా చెప్పను? పొద్దున పిల్లలు వచ్చాక వాళ్లకే చెప్పేదాన్ని.

ఒక్కోసారి కబురు పెద్దదే ఉంటుంది. 2024 నవంబరులో ఇంటింటి కుటుంబ సర్వే జరిగినప్పుడు ఎస్‌జీటీలను ఆ పనికి పంపారు. నవంబరు 6 నుంచి ప్రాథమిక పాఠశాలలు ఒంటిపూటే నడిచాయి. హైస్కూళ్లు మాత్రం మామూలుగానే ఉన్నాయి. అన్న హైస్కూల్లో, చెల్లి ప్రాథమికంలో ఉన్న ఇళ్లలో ఎంత గందరగోళమో మీరే ఊహించుకోండి. ఎన్నికలొస్తే మన బళ్లే పోలింగ్ కేంద్రాలు. అప్పుడూ ఇంతే.

ఇలాంటివి పక్కన పెడితే, ఏడాదిలో చాలా భాగం ముందే తెలిసిపోయేదే. బడి జూన్ 12న తెరుస్తారు, ఏప్రిల్ 23 చివరి పనిదినం. దసరాకు సుమారు 13 రోజులు సెలవులు, సంక్రాంతికి నాలుగైదు రోజులు. రెండో శనివారం సెలవు. మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు, పొద్దున 8 నుంచి మధ్యాహ్నం 12:30 దాకా. ఒంటిపూట రోజుల్లో కూడా మధ్యాహ్న భోజనం పెట్టాకే పిల్లల్ని పంపుతారు. కాబట్టి 12:30కే గేటు దగ్గర నిలబడి పిల్లాణ్ణి లాక్కుపోకండి, వాణ్ణి తిననివ్వండి. వారానికి మూడు రోజులు కోడిగుడ్డు ఉంటుంది. ఏ రోజు ఏం పెడతారో బడి గోడ మీద రాసి ఉంటుంది, ఫోనులో ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

పరీక్షలకు వస్తే, ఎఫ్‌ఏలు నాలుగు, ఎస్‌ఏలు రెండు. ఎఫ్‌ఏ అంటే రోజువారీ పాఠం, నోట్సు, ప్రాజెక్టు చూసి వేసే చిన్న పరీక్ష. ఎస్‌ఏ అంటే పెద్ద పరీక్ష. మొదటి ఎఫ్‌ఏ జూలైలోనూ, రెండోది సెప్టెంబరులోనూ అయిపోతాయి. ఎస్‌ఏ-1 దసరా సెలవుల తర్వాత, ఎస్‌ఏ-2 ఏప్రిల్‌లో. మూడో తరగతి పిల్లాడికి ఎఫ్‌ఏ కోసం ట్యూషన్ పెట్టించడం, రాత్రి పదింటిదాకా కూర్చోబెట్టడం వద్దమ్మా. ఆ రోజు బడికి పంపితే చాలు. ఎఫ్‌ఏ రోజున ఊరికి తీసుకుపోయిన తల్లిదండ్రులే నన్ను ఎక్కువ బాధపెట్టారు.

ఇప్పుడు కబురు వచ్చే దారులు చెప్తాను. మూడు ఉన్నాయి. పిల్లాడి నోరు, ఫోను, గేటు.

పిల్లాడి నోటిని పూర్తిగా నమ్మకండి. మూడో తరగతి పిల్లాడికి "రేపు అమ్మను రమ్మన్నారు" అనే మాట ఇంటికొచ్చే దారిలోనే జారిపోతుంది. నేను నాలుగు వేళ్ల వెడల్పు చీటీ రాసి ఇచ్చేదాన్ని. "శనివారం ఉదయం 10 గంటలకు తల్లిదండ్రుల సమావేశం. ప్రోగ్రెస్ కార్డు ఇస్తాము. తప్పక రాగలరు." అంతే. ఆ చీటీ ఎక్కడెక్కడ దొరికేదో చెప్పమంటారా? చొక్కా జేబులో ఉతికిన ముద్దలా, లెక్కల పుస్తకం అట్ట లోపల, జామెట్రీ బాక్సులో పెన్సిల్ పొట్టు కింద. అందుకని ఇంటికి వచ్చాక "ఏం చెప్పారు?" అని అడిగి వదిలేయకండి. జేబు, సంచి ముందు అర, జామెట్రీ బాక్సు, ఈ మూడూ మీరే తెరిచి చూడండి. రెండు నిమిషాల పని. రాత్రి వంట పొయ్యి మీద ఉన్నప్పుడు చూసినా సరిపోతుంది. చీటీ దొరికితే దాని వెనక సంతకం చేసి తిరిగి పంపండి. అక్షరాలు రాకపోతే వేలిముద్రైనా ఫరవాలేదు. సంతకంతో చీటీ తిరిగి వచ్చిందంటే ఆ ఇంట్లో చూసేవాళ్లున్నారని టీచరుకు తెలుస్తుంది. తర్వాతి కబురు ఆ ఇంటికి ఇంకాస్త శ్రద్ధగా పంపుతుంది. ఇది నా సొంత అనుభవం.

ఫోను రెండో దారి. చాలా బళ్లలో తరగతికో వాట్సాప్ గ్రూపు ఉంటుంది. మధ్యలో చేరిన పిల్లల తల్లిదండ్రుల నంబర్లు అందులో చేర్చడం మరిచిపోతుంటారు. మీ విషయంలో ఇదే జరిగి ఉంటుందని నా అనుమానం. అడ్మిషన్ ఫారంలో మీ ఆయన నంబరు రాశారా, మీదా? ఆయన పాత నంబరు ఇచ్చి, ఇప్పుడు కొత్త సిమ్ వాడుతుంటే కబురు గాలిలోకి పోతుంది. రేపే వెళ్లి రిజిస్టర్లో నంబరు సరిచూసుకోండి. స్మార్ట్‌ఫోను ఇంట్లో ఒక్కటే ఉండి అది ఆయన జేబులో పనికి పోతుంటే, పక్కింటావిడ నంబరు కూడా రాయించండి. మీటింగ్ సంగతి ఆవిడే కదా చెప్పింది.

మూడోది గేటు. నాకు దీని మీదే నమ్మకం ఎక్కువ. రోజూ వెళ్లాల్సిన పని లేదు. వారానికి ఒక్కసారి, సోమవారం పొద్దున ప్రార్థనకు పది నిమిషాల ముందు, బాబును మీరే దింపండి. నోటీసు బోర్డు చూడండి. క్లాసు టీచరు కనిపిస్తే ఒకే ప్రశ్న అడగండి: "టీచరమ్మా, ఈ వారం ఏమన్నా ఉందా?" ఆ వేళ టీచరు హాజరు తీసుకునే హడావిడిలో ఉంటుంది, పొడుగు మాటలు కుదరవు. ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం ఎవరైనా జవాబు చెప్తారు. టీచరు దొరకకపోతే ఆయమ్మను అడగండి, వంట చేసే అమ్మలను అడగండి. శనివారం పిల్లలు ఎంతమంది వస్తారో, ఏ రోజు వంట లేదో వాళ్లకు ముందే తెలుస్తుంది. నేను కొత్త బడికి బదిలీ అయినప్పుడల్లా మొదటి నెల అక్కడి సంగతులు నాకు చెప్పింది వాళ్లే.

హైదరాబాద్‌కే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. ఒకే ఆవరణలో రెండు బళ్లు నడుస్తుంటాయి, తెలుగు మీడియం ఒకటి, ఉర్దూ మీడియం ఒకటి. పొద్దున గేటు ఒకటే, హెచ్‌ఎంలు ఇద్దరు, రిజిస్టర్లు వేరు, నోటీసు బోర్డులూ వేరు. ఒక బడి మీటింగ్ కబురు విని రెండో బడి తల్లులు వచ్చి కూర్చోవడం నేను చూశాను. మీ బడి పూర్తి పేరు, హెచ్‌ఎం పేరు ఒక కాగితం మీద రాసుకోండి.

వానాకాలం కదా, సెలవు పుకార్ల సంగతి చెప్పకపోతే ఈ సమాధానం పూర్తి కాదు. 2023 జూలైలో భారీ వర్షాలకు 20, 21 తేదీల్లో ప్రభుత్వం బళ్లకు సెలవులిచ్చింది. ఆ తర్వాతి ఏడాది కూడా వాన పడిన ప్రతిసారీ ఆ పాత కాగితమే ఫోన్లలో తిరిగేది. తేదీ చూడకుండా పిల్లల్ని ఇంట్లో ఉంచేసేవారు. మీకు అలాంటి కాగితం వస్తే మొదట పైన తేదీ, ఏడాది చూడండి. తర్వాత జిల్లా పేరు చూడండి. మనం అంతా "హైదరాబాద్" అంటాం గానీ కూకట్‌పల్లి, ఉప్పల్ మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా కిందికి వస్తాయి, గచ్చిబౌలి, సరూర్‌నగర్ రంగారెడ్డి జిల్లా కిందికి వస్తాయి. అంబర్‌పేట హైదరాబాద్ జిల్లా. ఒక జిల్లా కలెక్టర్ సెలవు ఇస్తే పక్క జిల్లాకు వర్తించదు. మీ చెల్లెలు ఉప్పల్‌లో ఉండి "మాకు సెలవు" అంటే మీకు సెలవని కాదు. రాత్రి అనుమానంగా ఉంటే టీవీ వార్తలు చూసి, పొద్దున గేటు దగ్గర నిర్ధారించుకోండి. ఒక్కటి మాత్రం చెప్తాను. మీ బస్తీలో నాలా పొంగుతుంటే ఉత్తర్వు ఉన్నా లేకపోయినా బాబును పంపకండి. ఒక రోజు హాజరు పోతే ఏమీ కాదు, టీచరుకు ఒక్క ఫోను చేయండి.

పండుగ సెలవుల్లోనూ మన ఊరిది వేరే లెక్క. బోనాలకు లాల్‌దర్వాజ ఆదివారం తర్వాతి సోమవారం సెలవు. గణేశ్ నిమజ్జనానికి హైదరాబాద్, చుట్టుపక్కల జిల్లాలకు సెలవిచ్చి, బదులుగా తర్వాత ఎప్పుడో ఒక రెండో శనివారం బడి పెడతారు. 2024లో నిమజ్జనం సెప్టెంబరు 17న అయితే, దానికి బదులు నవంబరు 9, రెండో శనివారం, పనిదినం చేశారు. రెండు నెలల తర్వాత ఎవరికి గుర్తుంటుంది? ఆ రోజు తరగతిలో సగం బెంచీలు ఖాళీగా ఉంటాయి. నిమజ్జనం సెలవు ప్రకటించిన రోజే ఈ బదులు శనివారాన్ని మీ ఇంట్లో క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసుకోండి.

ఇక మీటింగుల గురించి. పేరెంట్ టీచర్ మీటింగ్ మామూలుగా నెలలో మూడో శనివారం ఉంటుంది. నాలుగో శనివారం సంచి లేని రోజు, ఆ రోజు పుస్తకాల సంచి ఇవ్వనక్కర్లేదు. కూలి పోగొట్టుకుని ప్రతి నెలా రమ్మని నేను మీకు చెప్పను. చెప్పడం సులువు, ఆ రోజు కూలి ఎవరిస్తారు? నా లెక్కలో మీరు స్వయంగా రావాల్సినవి మూడు. జూన్‌లో బడి తెరిచిన వారం, ఎస్‌ఏ-1 తర్వాత మీటింగ్, ఏప్రిల్ 23. మిగతావాటికి నానమ్మో, అమ్మమ్మో, పెదనాన్నో ఎవరు వచ్చినా సరే. వచ్చినవాళ్ల పేరు రిజిస్టర్లో రాసుకుంటారు, అంతే.

వచ్చినప్పుడు ఏం అడగాలో కూడా చెప్తాను, ఎందుకంటే అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు. "మా వాడు ఎలా చదువుతున్నాడు మేడం?" నలభై మందికి జవాబు చెప్పాల్సిన టీచరు "బాగానే చదువుతున్నాడమ్మా, కొంచెం అల్లరి" అంటుంది. మీరు తల ఊపి వచ్చేస్తారు. ఈసారి ఇలా చేయండి. బాబు తెలుగు పుస్తకం మీరే తీసుకెళ్లండి. "మేడం, ఈ పేజీ వీడు ఎక్కడిదాకా తప్పు లేకుండా చదువుతున్నాడో నా ముందు ఒకసారి చదివించండి" అనండి. 2022 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ప్రాథమిక తరగతులకు తొలిమెట్టు అని ఒక కార్యక్రమం నడుస్తోంది. ఏ పిల్లాడు అక్షరాలు గుర్తుపడుతున్నాడు, ఎవరు పదాలు, ఎవరు వాక్యాలు చదువుతున్నారు, ఎవరికి కూడికలు వచ్చు, ఎవరికి తీసివేతలు రావు, అంతా టీచరు దగ్గర రాసి ఉంటుంది. "తొలిమెట్టులో మా వాడు ఏ స్థాయిలో ఉన్నాడు?" అని అడిగితే టీచరు ఆ రిజిస్టర్ తెరవక తప్పదు. ఆ రిజిస్టర్ చూసే హక్కు తల్లికి కాక ఇంకెవరికి ఉంటుంది? పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉంటుంది కాబట్టి, పాఠంలో ఏముందో మీకూ అర్థమవుతుంది.

ఒక తల్లి నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. ప్రతి మీటింగ్‌కు వచ్చేది, కానీ తరగతిలోకి అడుగు పెట్టేది కాదు. చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం బయటే నిలబడేది. లోపలికి రమ్మంటే "నాకు చదువు రాదు మేడం, ఇక్కడి నుంచే వింటా" అనేది. నాలుగోసారి నేనే వెళ్లి చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టాను. కూతురు నిలబడి పాఠం చదువుతుంటే ఆవిడ పెదాలు కూడా కదిలాయి. చదువు రాని తల్లే ఈ మీటింగ్‌కు ముందు రావాలి. అక్కడ కుర్చీ ఉన్నది మీ కోసమే.

ఇప్పుడు అసలు మాట. బడి కబుర్లలో చాలావాటిని తప్పిపోయినా సరిదిద్దుకోవచ్చు. కొన్నిటికి మాత్రం గడువు దాటితే ఏడాది పోతుంది. వాటిలో గురుకులం ముఖ్యం. గురుకులాల్లో అయిదో తరగతి ప్రవేశానికి పిల్లలు నాలుగో తరగతి చదువుతుండగానే దరఖాస్తు చేయాలి. పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది. వంద మార్కులకు తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం, కొంత మానసిక సామర్థ్యం. కుటుంబ ఆదాయం పట్టణాల్లో ఏడాదికి 2 లక్షలు, గ్రామాల్లో లక్షన్నర దాటకూడదు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో తీసుకోవాలి, దానికి రోజులు పడతాయి. మీ బాబు ఇప్పుడు మూడో తరగతి కాబట్టి మీకు ఏడాది సమయం ఉంది. వచ్చే ఏడాది దసరాకల్లా ఆ రెండు కాగితాలు చేతిలో ఉండేలా చూసుకోండి. గురుకులంలో వేస్తారా లేదా అన్నది మీ ఇష్టం. తొమ్మిదేళ్ల పిల్లాణ్ణి హాస్టల్లో ఉంచడం అందరికీ కుదరదు. ఆ నిర్ణయం మీరు తీసుకోవాలి, గడువు దాటిపోయి దానంతటదే జరిగిపోకూడదు.

ఇది ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, ఆ తప్పు నేనే చేశాను. చాలా ఏళ్ల కిందట నాలుగో తరగతిలో చాలా చురుకైన పాప ఉండేది. గురుకులం నోటీసును అందంగా తెలుగులో రాసి బోర్డు మీద అంటించాను, నా పని అయిపోయిందనుకున్నాను. ఆ పాప తల్లి ఇళ్లలో పనిచేసేది, చదవడం రాదు. తండ్రి ఊళ్లో లేడు. గడువు అయిన మూడో రోజు ఆవిడ వచ్చి "మేడం, ఏదో ఫారం ఉందట కదా" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత నేను రిటైర్ అయ్యేదాకా నాలుగో తరగతి పిల్లల ప్రతి ఇంటికీ ఫోను చేసి నోటితో చెప్పాను. మీ హెచ్‌ఎం అలా చేయొచ్చు, చేయకపోవచ్చు. మీరు మాత్రం బాబు నాలుగో తరగతిలో ఉన్నప్పుడు డిసెంబరు నుంచి ప్రతి సోమవారం అడగండి.

రెండోది కాగితాలు. బాబు ప్రైవేటు నుంచి వచ్చాడు కాబట్టి ఇది మీకు ముఖ్యం. దేశంలోని బళ్ల, పిల్లల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డును యూడైస్ అంటారు. అందులో పిల్లాడికి పెన్ అనే శాశ్వత నంబరు ఉంటుంది. పాత స్కూలు ఆన్‌లైన్లో వాణ్ణి వదిలితేనే కొత్త బడిలో పేరు ఎక్కుతుంది. ఫీజు బాకీ ఉందని కొన్ని స్కూళ్లు టీసీ ఆపుతాయి. విద్యాహక్కు చట్టం అయిదో సెక్షన్ ప్రకారం టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ రాలేదని ప్రభుత్వ బడి మీకు అడ్మిషన్ ఆపకూడదు కూడా. కాబట్టి భయపడకండి, కానీ "మా వాడి పేరు యూడైస్‌లో మన బడికి వచ్చిందా?" అని హెచ్‌ఎంను అడిగి తెలుసుకోండి. ఆధార్‌లో అయిదేళ్లు నిండాక వేలిముద్రలు, కళ్లు కొత్తగా తీయించాలి. తీయించకపోతే తర్వాత ప్రతి చోటా ఆగిపోతుంది. ఆధార్‌లో పేరు, బడి అడ్మిషన్ రిజిస్టర్లో పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉన్నా పదో తరగతిలో తిప్పలు పడతారు. అయిదో తరగతి అయ్యాక హైస్కూలుకు వెళ్లేటప్పుడు మన ప్రాథమిక బడి ఇచ్చే కాగితాన్ని రికార్డు షీటు అంటారు. దాన్ని లామినేషన్ చేయించకుండా జెరాక్సులు తీసి దాచండి.

ఆరోగ్యం సంగతులు తొందరగా చెప్పేస్తాను. నులిపురుగుల మాత్ర ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరి 10, ఆగస్టు 10 ప్రాంతాల్లో. తేదీ కాస్త ముందూ వెనకా జరుగుతుంది. అది ఆల్బెండజోల్, నమిలి మింగాలి. ఆ రోజు బాబుకు జ్వరం గానీ ఏదైనా అనారోగ్యం గానీ ఉంటే టీచరుకు చెప్పండి, తర్వాత మిగిలిపోయిన పిల్లలకు ఇంకో రోజు వేస్తారు. ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ కార్యక్రమం) డాక్టర్ల బృందం వచ్చి కళ్లు, పళ్లు, చెవులు, గుండె చూస్తుంది. వాళ్లు ఏదైనా కాగితం రాసిస్తే దాన్ని పారేయకండి, దాంతో పెద్దాసుపత్రిలో ఉచితంగా చూస్తారు. బోర్డు కనిపించక చదువులో వెనకబడ్డాడనుకున్న పిల్లలకు ఆ చీటీతో కళ్లజోడు వచ్చి, నెలలో మారిపోవడం నేను చూశాను.

సంబరాల విషయానికి వస్తే, ఆగస్టు 15న జెండా పొద్దున్నే ఎగరేస్తారు, మామూలు బడి వేళకు పంపితే అయిపోయి ఉంటుంది. దసరా సెలవులకు ముందు రోజు బతుకమ్మ. తంగేడు, గునుగు, బంతి, ఏది దొరికితే అది గుప్పెడు పంపండి. పూలు కొనడానికి అప్పు చేయకండి. సెప్టెంబరు 5కో, నవంబరు 14కో అటూ ఇటూ స్వపరిపాలన దినోత్సవం పెడతారు. పిల్లలే టీచర్లవుతారు. ముందు రోజు రాత్రి ఎనిమిదింటికి "అమ్మా, నాకు రేపు ప్యాంటూ టై కావాలి" అని మీ వాడు అంటాడు. ఉతికిన యూనిఫాం, తల దువ్వడం, నుదుట బొట్టు చాలు. ఏ ఫంక్షన్‌కైనా డబ్బు తప్పనిసరిగా ఇవ్వాలని ప్రభుత్వ బడిలో ఎవరూ అడగకూడదు. అడిగితే హెచ్‌ఎంను నేరుగా అడగండి. పాఠ్యపుస్తకాలు, రెండు జతల యూనిఫాం ఉచితం. మధ్యలో చేరిన పిల్లలకు యూనిఫాం ఆలస్యమవుతుంది, కొలతలు ఇచ్చారో లేదో కనుక్కోండి.

చివరగా ఒకటి, ఇది మీరు అడగలేదు. బడికి తల్లుల కమిటీ ఉంటుంది. విద్యాహక్కు చట్టం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లు ఉండాలని చెప్పింది. 2024లో మన రాష్ట్రంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు. మహిళా సంఘం ఆవిడ అధ్యక్షురాలు, హెచ్‌ఎం కన్వీనరు, తల్లులు సభ్యులు. మరుగుదొడ్లు, తాగునీళ్లు, కరెంటు, చిన్న మరమ్మతులు వీళ్ల చేతుల మీదుగా జరుగుతాయి. మీ బడిలో సభ్యులెవరో కనుక్కోండి. వాళ్లలో మీ గల్లీ ఆవిడ ఒకరు ఉంటే, సగం కబుర్లు సాయంత్రం నల్లా దగ్గరే తెలిసిపోతాయి. ఖాళీ వచ్చినప్పుడు మీ పేరు ఇవ్వండి. రెండు బళ్లు చూసినవారు మీరు. ఏది బాగుందో, ఏది లేదో పోల్చి చెప్పగలరు. మాకు అలాంటి తల్లులే కావాలి. బాత్రూముకు గడియ లేదని మొదట చెప్పేది ఎప్పుడూ ఒక తల్లే.

మీరు జూలై చివర్లో అడిగారు కాబట్టి వెంటనే చేయాల్సినవి చెప్పి ఆపేస్తాను. సోమవారం పొద్దున పది నిమిషాలు ముందు వెళ్లండి. ఫోను నంబరు, యూడైస్‌లో పేరు, యూనిఫాం కొలతలు, ఈ మూడూ అడగండి. మొదటి ఎఫ్‌ఏ బాబు రాశాడో లేదో కనుక్కోండి. నులిపురుగుల మాత్ర ఏ రోజో, ఆగస్టు 15న ఎన్నింటికి రావాలో, మూడో శనివారం మీటింగ్ ఉందో లేదో రాసుకుని రండి. టీచరు ఏమందో వీలైతే ఇక్కడ కింద రాయండి. నేను రోజూ సాయంత్రం చూస్తుంటాను.